తెగేదాకా లాగకూడని బెల్టు

ఒకరి చేతిలో ఏళ్ల తరబడి నడిచి మరొకరి చేతికి వచ్చిన కారులో, కొత్త యజమాని కంటికి ఆనక, పాత యజమాని జ్ఞాపకంలో నిలవక, ఇంజిన్ ప్రాణాన్ని మాత్రం నిత్యం తన మీదే మోస్తుండే భాగం ఒకటుంది; ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ మూత వెనుక తిరిగే ఆ పళ్ల రబ్బరు పట్టీనే టైమింగ్ బెల్ట్ అంటారు. దాని పక్కనే ఉండి, అనేక ఇంజిన్లలో దాని బలంతోనే తిరుగుతూ, వేడెక్కిన లోహం చుట్టూ కూలెంట్‌ను పరుగెత్తించే చిన్న యంత్రం వాటర్ పంప్. ఈ రెండింటినీ ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకు కొత్త కారు యజమానికి మాన్యువల్‌లో ఒక అంకె దొరుకుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారికి ఆ అంకె ఒక్కటే చాలదు, ఎందుకంటే లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో వారికి తెలియదు. బిల్లు చూపించలేని బెల్టును మార్చని బెల్టుగానే లెక్కగట్టి, కారు చేతికొచ్చిన తొలి వారాల్లోనే, దూరప్రయాణం పెట్టుకోకముందే మార్పించాలనీ, ఆ బెల్టే పంపును తిప్పే ఇంజిన్ అయితే పంపును కూడా అప్పుడే మార్పించాలనీ ఇంజిన్ నిర్మాణం, రబ్బరు స్వభావం, పాత కార్ల వ్యాపారం నడిచే తీరు మూడూ ఒకే మాటగా చెబుతున్నాయి.

రెండు చుట్లకు ఒక చుట్టు

కారు ఇంజిన్ నాలుగు దశల్లో పని చేస్తుంది. పిస్టన్ కిందికి దిగుతూ గాలిని లోపలికి లాగుతుంది, పైకి లేస్తూ దాన్ని నొక్కుతుంది, ఇంధనం మండిన బలంతో మళ్లీ దిగుతుంది, తిరిగి లేస్తూ పొగను బయటికి నెడుతుంది. పిస్టన్ల ఈ కదలికను చక్రభ్రమణంగా మార్చే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్ కాగా, గాలి వచ్చే దారినీ పొగ పోయే దారినీ మూసి తెరిచే కవాటాలను, అంటే వాల్వులను, తన మీది ఉబ్బెత్తులతో నొక్కి తెరిపించే ఇరుసు క్యామ్‌షాఫ్ట్. నాలుగు దశలు పూర్తయ్యేసరికి క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది, క్యామ్‌షాఫ్ట్ మాత్రం ఒక్క చుట్టే తిరగాలి. ఈ రెండిటి నిష్పత్తి ఒక్క పన్ను తేడా కూడా రాకుండా నిలవాలి కనుకనే, జారిపోయే మామూలు పట్టీకి బదులు లోపలివైపు పళ్లున్న బెల్టును, ఆ పళ్లు కూర్చునే గాడులున్న పుల్లీల మీద బిగిస్తారు. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఆ ప్రతిసారీ స్ప్రింగు ఎదురు నెట్టే బలం బెల్టు పళ్ల మీద పడుతుంది. అనేక డీజిల్ ఇంజిన్లలో అధికపీడన ఇంధన పంపును తిప్పే భారం కూడా ఈ బెల్టు మీదే ఉంటుంది.

బెల్టు తెగితే కారు ఆగిపోతుందన్నది సగం నిజం మాత్రమే. బెల్టు తెగిన క్షణంలో క్యామ్‌షాఫ్ట్ ఉన్నచోటే నిలిచిపోతుంది, దానితోపాటు కొన్ని వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి. క్రాంక్‌షాఫ్ట్ మాత్రం కారు వేగం కారణంగా ఇంకా తిరుగుతూ పిస్టన్లను పైకి తోస్తుంది. పూర్తిగా తెరుచుకున్న వాల్వు కిందికి దిగే చోటూ, పిస్టన్ పైకి చేరే చోటూ ఒకటే అయిన ఇంజిన్లను ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్లు అంటారు. సమయం తప్పనంత కాలం ఆ రెండూ ఆ చోటును వంతులవారీగా వాడుకుంటాయి, తప్పిన మరుక్షణం ఢీకొంటాయి. డీజిల్ ఇంజిన్‌లో గాలిని 16 నుంచి 18 రెట్లు నొక్కాలి కనుక పిస్టన్‌కూ సిలిండర్ హెడ్‌కూ మధ్య మిగిలే జాగా అతి తక్కువ. అందుచేత బెల్టుతో నడిచే డీజిల్ కార్లలో ఈ ప్రమాదం దాదాపు తప్పదనే భావించాలి. పెట్రోలు ఇంజిన్లలో కొన్ని బతికి బయటపడతాయి గాని, చాలావాటికి ఆ అదృష్టం ఉండదు. అప్పుడు హెడ్ దించాలి, వంగిన వాల్వులు మార్చాలి, వాల్వు గైడ్లు చూడాలి, హెడ్ ఫేసింగ్ చేయించాలి, పిస్టన్ నెత్తిన సొట్టలు పడ్డాయేమో పరీక్షించాలి; పాతబడిన కారుకైతే ఆ ఖర్చు కారు ధరలో ఎంత భాగమన్న లెక్క కూడా వేసుకోవలసి వస్తుంది.

ప్రయాణంలో ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోయి, తాళం తిప్పితే స్టార్టర్ ఎప్పటికన్నా వేగంగా, ఎత్తుపల్లాలు లేని ఒకే స్వరంతో తిరిగితే, అంటే గాలిని నొక్కేటప్పుడు పడే బరువు వినిపించకపోతే, బెల్టు తెగిందని అనుమానించాలి. అటువంటప్పుడు మళ్లీ మళ్లీ స్టార్ట్ చేసి చూడడం, నలుగురిని పిలిచి తోయించడం మిగిలిన వాల్వులను కూడా చేజేతులా వంచడమే. బండిని లాగించుకుని షెడ్డుకు చేర్చడం తప్ప రోడ్డు మీద చేయగలిగినది లేదు. షెడ్డులోనూ కొత్త బెల్టు వేసి చూద్దామనే తొందర కన్నా ముందు సిలిండర్లు గాలిని నిలుపుకుంటున్నాయో లేదో పరీక్షించడం మేలు.

కిలోమీటర్లు చెప్పని లెక్క

భారీ సంఖ్యలో తయారైన కార్లలో పళ్ల రబ్బరు బెల్టుతో క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పిన మొదటిది 1962లో జర్మనీలోని బవేరియాకు చెందిన హాన్స్ గ్లాస్ సంస్థ తెచ్చిన గ్లాస్ 1004. చైను కన్నా చప్పుడు తక్కువ, బరువు తక్కువ, నూనె అక్కర్లేదు, తయారీ చవక. ఈ నాలుగు గుణాల వల్ల ఆ తరువాతి దశాబ్దాల్లో యూరప్, జపాన్ కార్లలో బెల్టు వేగంగా వ్యాపించింది. తొలినాళ్ల నియోప్రీన్ రబ్బరు స్థానంలో తరువాత హైడ్రోజన్ చేర్చిన నైట్రైల్ రబ్బరు వచ్చింది. అది వేడినీ నూనె తుంపరలనూ మెరుగ్గా తట్టుకుంటుంది. బెల్టు లోపల పొడవునా గాజునార తాళ్లు ఉంటాయి, సాగకుండా నిలబెట్టేవి అవే. పళ్ల మీద అరుగుదలను ఓర్చుకోవడానికి నైలాన్ బట్ట అతికి ఉంటుంది. ఈ మెరుగుదలతో ఆయుర్దాయం పెరిగిన మాట నిజమే కాని, దానితోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది. పాత రబ్బరు ముసలిదైతే పైన పగుళ్లు పడి ఆ సంగతి చెప్పేది, కొత్త తరం రబ్బరు మాత్రం పైకి నల్లగా నిగనిగలాడుతూనే లోపలి తాళ్లు అలసిపోయి తెగవచ్చు. మూత తీసి, టార్చి వేసి, వేలితో తడిమి, బాగానే ఉందని చెప్పే హామీకి అందుకే పెద్ద విలువ లేదు.

తయారీ సంస్థలు బెల్టు మార్పిడికి చెప్పే గడువు ఇంజిన్‌ను బట్టి సాధారణంగా 60,000 కిలోమీటర్ల నుంచి 1,50,000 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చాలా సంస్థలు దానితోపాటు ఏళ్ల గడువు కూడా పెట్టి, రెండిటిలో ఏది ముందైతే అదని రాస్తాయి. వినియోగదారులు గుర్తుంచుకునేది మొదటి అంకెను, మరిచిపోయేది రెండోదాన్ని. కిలోమీటర్లు ఎంత బలహీనమైన కొలతో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. గంటకు సగటున 40 కిలోమీటర్ల వేగంతో లక్ష కిలోమీటర్లు తిరిగిన కారు ఇంజిన్ 2,500 గంటలు పనిచేస్తుంది. నిమిషానికి 2,000 చుట్లనుకుంటే క్రాంక్‌షాఫ్ట్ 30 కోట్ల సార్లు తిరిగినట్టు. అదే లక్ష కిలోమీటర్లను హైదరాబాద్ ట్రాఫిక్‌లో గంటకు 20 కిలోమీటర్ల సగటుతో పూర్తిచేసిన కారు ఇంజిన్ 5,000 గంటలు నడుస్తుంది. చుట్లు నిమిషానికి 1,500కు తగ్గినా మొత్తం 45 కోట్లవుతుంది. మీటరులో కనిపించే అంకె రెండింటికీ ఒకటే, బెల్టు పడ్డ శ్రమ మాత్రం ఒకటిన్నర రెట్లు. పైగా ఆగి ఆగి నడిచే కారుకు ఎదురుగాలి ఉండదు. బానెట్ కింద వేడి పేరుకుపోతుంది. వేసవిలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయటి గాలే 45 డిగ్రీలను దాటే రోజుల్లో, ఇంజిన్ పక్కన మూత లోపల రబ్బరు ఎంత వేడిలో ఉడుకుతుందో ఊహించవచ్చు. అనేక మాన్యువళ్లలో దుమ్ము, అధిక ఉష్ణోగ్రత, ఆగుతూ సాగే ప్రయాణాలు ఉన్నచోట సర్వీసు గడువులను కుదించాలని వేరుగా ఒక పట్టిక ఉంటుంది. తెలుగునాట నడిచే కారుకు వర్తించేది ఆ పట్టికే.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో మరో రకం కారు ఉంది. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడగా, వారు సెలవులకు వచ్చినప్పుడు తీసి, వెళ్లాక కవరు కప్పి ఉంచే కారు పదేళ్లు దాటినా 30,000 కిలోమీటర్లైనా తిరిగి ఉండదు. సంతలో అటువంటి కారుకు మంచి గిరాకీ. తక్కువ తిరిగింది కనుక బెల్టు జోలికి పోనక్కర్లేదన్నది అమ్మేవారి మాట. కాని రబ్బరు తిరిగినా తిరగకపోయినా గాలిలోని ఆక్సిజన్‌తో, ఎండ వేడితో గట్టిపడుతూనే ఉంటుంది, ఒకేచోట నెలల తరబడి పుల్లీ మీద వంగి ఉన్న భాగం ఆ వంపునకే అలవాటుపడుతుంది. పదేళ్ల కారులో మొదటి బెల్టే ఉంటే, మీటరు ఎంత తక్కువ చూపినా దాని గడువు తీరినట్టే.

పంపు మాట్లాడుతుంది, బెల్టు మాట్లాడదు

వాటర్ పంపు పనితీరు సులువైనది. ఒక ఇరుసు, దాని చివర రెక్కల చక్రం, ఇరుసును మోసే బేరింగ్, కూలెంట్ బేరింగ్ వైపు రాకుండా ఆపే సీల్. ఇంతే దాని నిర్మాణం. ఆ సీల్ నిజానికి ఒకదానినొకటి ఒరుసుకుంటూ తిరిగే రెండు నున్నని ముఖాలు. వాటి మధ్య పలుచని పొరగా నిలిచే కూలెంటే వాటికి కందెన. ఆ ముఖాలు అరిగినప్పుడు కారిన ద్రవం బేరింగ్‌లోకి పోకుండా బయటికి జారేందుకు పంపు ఒంటి మీద ఒక చిన్న రంధ్రం వదులుతారు. పంపు ఆరోగ్యం తెలిసేది ఆ రంధ్రం దగ్గరే: దాని కింద ఆకుపచ్చగానో గులాబీరంగుగానో నీలంగానో, ఆ కారులో పోసిన కూలెంట్ రంగులో ఎండిపోయి పొక్కులా కట్టిన చార కనిపిస్తే సీల్ పని అయిపోవస్తున్నట్టు. ఇంజిన్ ఆపి, బెల్టు తీసి, పంపు పుల్లీని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపినప్పుడు ఏ కొంచెం కదలిక తెలిసినా, చేత్తో తిప్పితే గరగరలాడినా బేరింగ్ పోయినట్టే. రెక్కల చక్రం కొన్ని పంపుల్లో లోహంతో, కొన్నింటిలో ప్లాస్టిక్‌తో ఉంటుంది. ప్లాస్టిక్ చక్రం ఇరుసు మీద పట్టు వదిలితే బయట ఒక్క చుక్క కారకుండానే ప్రవాహం ఆగిపోయి ఇంజిన్ వేడెక్కుతుంది.

పంపుల అకాల మరణానికి తెలుగు రాష్ట్రాల్లో ఒక కారణం రేడియేటర్‌లో పోసే నీళ్లు. కూలెంట్ అంటే రంగు కలిపిన నీరనే అపోహ ఇంకా పోలేదు. అది ఇథిలీన్ గ్లైకాల్‌కు తుప్పు నిరోధకాలను చేర్చి తయారుచేసిన ద్రవం. మరుగు స్థానాన్ని పెంచుతుంది, అల్యూమినియాన్ని కాపాడుతుంది, సీల్ ముఖాలను తడిగా ఉంచుతుంది. రాయలసీమలో, తెలంగాణ పీఠభూమి మీద అనేక ఊళ్లలో బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా గట్టిగా పేరుకునే పొర ఏదైతే ఉందో, ఆ కాల్షియం, మెగ్నీషియం లవణాలే ఇంజిన్ లోపలి నీటిదారుల్లోనూ పేరుకుంటాయి. వాటి రేణువులు సీల్ ముఖాల మధ్యకు చేరితే ఆకురాయి చేసే పనే చేస్తాయి. సెకండ్ హ్యాండ్ కారు రేడియేటర్ మూతను ఇంజిన్ పూర్తిగా చల్లారాక విప్పి చూసినప్పుడు, లోపల స్వచ్ఛమైన రంగు ద్రవానికి బదులు ఎర్రమట్టి కలిసినట్టు తుప్పు నీళ్లు కనిపిస్తే, ఆ కారు పంపు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న ప్రశ్నే అనవసరం.

ఇలా పంపు తన నలతను చారతోనో చప్పుడుతోనో కొంత ముందుగా చెబుతుంది; బెల్టు చెప్పదు. ఒకే మూత కింద ఉన్న ఈ రెండు భాగాల మధ్య అసలు తేడా ఇదే, వాటి మార్పిడిని కలిపి ఆలోచించవలసిన కారణం కూడా ఇదే. టైమింగ్ బెల్టే పంపును కూడా తిప్పే ఇంజిన్లలో పంపు సీల్ నుంచి కారిన కూలెంట్ బెల్టు మీద పడితే పళ్ల బట్ట ఊడుతుంది, పట్టు జారుతుంది. పంపు బేరింగ్ బిగుసుకుపోతే తిరగని పుల్లీ మీద ఒరుసుకుని నిన్న వేసిన కొత్త బెల్టు కూడా నేడు పీలికలవుతుంది. అంటే పంపు చావు బెల్టు చావవుతుంది, బెల్టు చావు ఇంజిన్ చావవుతుంది.

పనిలో పని

ఖర్చు వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. బెల్టు మార్పిడిలో పెద్ద వంతు విడిభాగాల ధర కాదు, అక్కడిదాకా చేరేందుకు పడే శ్రమ. ముందు చక్రం విప్పాలి, బయటి బెల్టులు తీయాలి, చాలా కార్లలో ఇంజిన్‌ను కింద నుంచి జాకీతో ఎత్తిపట్టి ఒకవైపు మౌంటింగ్ ఊడదీయాలి, అప్పుడు గాని మూత రాదు. ఇంత విప్పాక పాత పంపును అలాగే ఉంచి మూత బిగిస్తే, అది ఏడాదికో రెండేళ్లకో కారడం మొదలుపెట్టినప్పుడు ఆ శ్రమనంతా మళ్లీ కొనాలి. ఒకసారి బిగువు వదిలించిన పాత బెల్టును తిరిగి వేయకూడదన్నది కూడా నియమం కనుక, అప్పుడు బెల్టు ఖర్చూ రెండోసారి పడుతుంది. బెల్టు బిగువును నిలిపే టెన్షనర్, బెల్టును దారిలో పెట్టే ఐడ్లర్ పుల్లీ కూడా బేరింగ్‌ల మీదే తిరుగుతాయి, బెల్టు వయసే వాటిదీ. అందుకే తయారీదారులు బెల్టు, టెన్షనర్, ఐడ్లర్, పలు సందర్భాల్లో పంపు కూడా కలిపి ఒకే పెట్టెలో కిట్‌గా అమ్ముతారు. క్యామ్‌షాఫ్ట్, క్రాంక్‌షాఫ్ట్ చివర్లలోని ఆయిల్ సీళ్లు చెమర్చుతుంటే వాటినీ అప్పుడే మార్చడం వివేకం, ఎందుకంటే నూనె పడిన రబ్బరు ఉబ్బి పళ్లు మెత్తబడతాయి. బెల్టు ఒక్కటే మార్చి మిగతావి తరువాత చూద్దామనే సలహా, ఎంత మంచి మనసుతో ఇచ్చినా, కారు యజమానికి మేలు చేసేది కాదు.

పంపును బయటి ఫ్యాన్ బెల్టు తిప్పే ఇంజిన్ల విషయం వేరు. అక్కడ పంపు చెడితే టైమింగ్ బెల్టుకు నేరుగా హాని ఉండదు కనుక, పంపును దాని లక్షణాలను బట్టి చూసుకోవచ్చు; అయితే వాటిలోనూ కొన్నింట పంపు చేతికి అందాలంటే టైమింగ్ మూత తీయక తప్పదు కాబట్టి, వయసు మీరిన కారులో మెకానిక్ ఒకేసారి చేసేద్దామంటే అది ఖర్చు పెంచే ఎత్తుగడని అనుమానించనక్కర్లేదు.

పని ఎలా జరుగుతున్నదో యజమాని దగ్గర నిలబడి చూడదగిన ఘట్టం ఒకటుంది. మూత తీశాక మెకానిక్ మొదటి సిలిండర్ పిస్టన్‌ను దాని పై అంచుకు తెచ్చి, క్రాంక్ పుల్లీ మీది గుర్తూ, క్యామ్ పుల్లీ మీది గుర్తూ ఇంజిన్ ఒంటి మీది గీతలకు ఎదురుగా నిలిచేలా చేస్తాడు. కొన్ని డీజిల్ ఇంజిన్లలో గుర్తులను నమ్మక, రంధ్రాల్లో ఉక్కు పిన్నులు దూర్చి రెండు ఇరుసులనూ కదలకుండా బంధిస్తారు, ఆ పిన్నులు లేని షెడ్డులో ఆ ఇంజిన్ పని అప్పగించకపోవడం మంచిది. కొత్త బెల్టును మెలితిప్పకూడదు, వెనక్కి మడవకూడదు; మడతపడినచోట గాజునార తాళ్లు కంటికి కనిపించకుండా విరుగుతాయి. బెల్టు వేసి, టెన్షనర్‌ను దాని సూచీ చూపినంత మేరకు బిగించి, పిన్నులు తీసేశాక, స్టార్టర్ జోలికి పోకుండా పొడవాటి స్పానర్‌తో క్రాంక్‌షాఫ్ట్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ ఎదురెదురుగా వచ్చాయో లేదో చూడాలి. ఎక్కడైనా పిస్టన్ వాల్వుకు తగులుతుంటే చేతికి గట్టిగా అడ్డు తెలుస్తుంది, అప్పటికి ఏమీ వంగదు. స్టార్టర్‌తో తిప్పితే తెలిసేలోపే వంగుతుంది. ఐదు నిమిషాలు కూడా పట్టని ఈ రెండు చుట్లను వదిలేసే మెకానిక్, ఎంత పేరున్నా, ఈ పనికి పనికిరాడు. ఆ తరువాత పాత కూలెంట్‌ను పూర్తిగా వదిలి, లోపలి దారులు కడిగి, మాన్యువల్‌లో చెప్పిన రకం కొత్త కూలెంట్ పోసి, హీటర్ వేసి ఇంజిన్ నడిపించి గాలి బుడగలను బయటికి పంపాలి. గాలి చిక్కుకుపోతే కొత్త పంపు ఉండి కూడా ఇంజిన్ వేడెక్కుతుంది. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద కూలెంట్ మట్టం మరోసారి చూసుకోవాలి.

ఏ కారులో ఏముంది

కొనబోయే కారులో బెల్టు ఉందా, చైను ఉందా అన్నది మొదట తేల్చుకోవలసిన సంగతి, కారు పేరు మాత్రమే తెలిస్తే అది తేలదు. మారుతి ఆల్టో 800లో బెల్టు, ఆల్టో కె10లో చైను. హ్యుందాయ్ ఐ10లో 1.1 లీటర్ల ఇంజిన్‌కు బెల్టు, అదే కారులో కప్పా అనే 1.2 లీటర్ల ఇంజిన్‌కు చైను. తెలుగు రాష్ట్రాల్లో పెళ్లిళ్లకూ తీర్థయాత్రలకూ తిరిగి తిరిగి లక్షల కిలోమీటర్లు దాటిన తొలితరం ఇన్నోవా 2.5 లీటర్ల డీజిల్‌లో బెల్టు. 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టా డీజిల్‌లో చైను. స్విఫ్ట్ డీజిల్‌లోని 1.3 లీటర్ల ఇంజిన్‌ది చైనే. డస్టర్, టెర్రానో, లోగాన్, వెరిటో కార్లలోని 1.5 డీసీఐ డీజిల్, పోలో, వెంటో, ర్యాపిడ్‌లలోని 1.6, 1.5 టీడీఐ డీజిల్, ఫోర్డ్ ఫిగో, ఎకోస్పోర్ట్‌లలోని టీడీసీఐ డీజిల్, ఇవన్నీ బెల్టుతో నడిచేవే. వీటిలో పంపును తిప్పేది కూడా ఆ బెల్టే కనుక పైన చెప్పిన వాదమంతా వీటికి నేరుగా వర్తిస్తుంది. ఫోర్డ్ 2021లో భారత్‌లో తయారీ నిలిపివేస్తున్నట్టు ప్రకటించినందువల్ల ఆ కార్లు కొనేవారు కిట్ ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కోవడం మంచిది.

చైను ఉన్నంతమాత్రాన నిశ్చింత కాదు. నూనె సకాలంలో మార్చని కారులో చైను సాగి, ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు గలగలమంటుంది. కాని ఆ చప్పుడే ఒక హెచ్చరిక. వీటికి భిన్నంగా ఇంజిన్ నూనెలో తడుస్తూ తిరిగే బెల్టు మూడో రకం. 2013 ఎకోస్పోర్ట్‌లోని 1.0 లీటర్ ఎకోబూస్ట్ పెట్రోలు ఇంజిన్‌లో ఉన్నది ఇదే. దానికి కంపెనీ చెప్పిన ప్రమాణానికి సరిపడే నూనె తప్ప మరొకటి పోస్తే రబ్బరు పొట్టు రాలి, నూనె పంపు ముందున్న జల్లెడలో పేరుకుని, బెల్టు తెగకముందే నూనె అందక ఇంజిన్ దెబ్బతింటుంది. అటువంటి కారులో బెల్టు మార్చిన బిల్లుతోపాటు నూనె మార్చిన బిల్లులు కూడా అడిగి చూడాలి.

మీటరును ఎంతవరకు నమ్మాలి

పాత కార్ల సంతలో మీటరు వెనక్కి తిప్పడం కొత్త విద్య కాదు, డిజిటల్ మీటర్లు వచ్చాక అది కష్టమైందీ లేదు. లక్షా అరవై వేలు తిరిగిన కారు డెబ్బై వేలు చూపితే, బెల్టు గడువు ఇంకా ఉందని కొనేవారు నమ్ముతారు. ఆ అబద్ధానికి మూల్యం కారు ధరలో కాదు, ఎక్కడో జాతీయ రహదారి మీద చెల్లించాల్సి వస్తుంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లను నడపరాదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తరువాత అక్కడి డీజిల్ కార్లు నిరభ్యంతర పత్రాలతో ఇతర రాష్ట్రాలకు తరలివచ్చాయి. ధర తక్కువని తెచ్చుకునే అటువంటి కారుకు సరిగ్గా బెల్టు రెండోసారి మార్చవలసిన వయసే ఉంటుంది. పాత యజమాని మాత్రం కారు ఎలాగూ పోతుందని ఆఖరి రెండేళ్లూ దాని మీద ఖర్చు పెట్టి ఉండడు. ఇటువంటి కారుకు చూడవలసినది మీటరు కాదు, ఆర్‌సీలో ఉండే తయారీ నెల, సంవత్సరం.

తొలితరం ఇన్నోవాలో బెల్టు గడువును గుర్తుచేసే దీపం మీటరు బోర్డులోనే ఉంటుంది. అది బెల్టును పరీక్షించదు, కిలోమీటర్లను మాత్రమే లెక్కిస్తుంది; బెల్టు మార్చాక ఆ లెక్కను సున్నాకు తేవాలి. మార్చకుండానే సున్నాకు తేవచ్చు కూడా. కనుక ఆ దీపం వెలగడం నిజమైన హెచ్చరికే గాని, వెలగకపోవడం నిజమైన భరోసా కాదు. దానికన్నా నమ్మదగినది అధీకృత సర్వీసు కేంద్రంలో బండి నంబరు మీద దొరికే చరిత్ర. యజమాని సమక్షంలో అడిగితే ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల వద్ద ఏం మార్చారో అక్కడ తెలుస్తుంది. బయటి షెడ్డులో చేయించి ఉంటే విడిభాగాల బిల్లు కావాలి. బెల్టు మార్పించానన్న నోటిమాట ఎంత నిజాయితీపరుడు చెప్పినా లెక్కలోకి తీసుకోదగింది కాదు, ఎందుకంటే చాలామంది యజమానులకు బయటి ఫ్యాన్ బెల్టుకూ లోపలి టైమింగ్ బెల్టుకూ తేడా తెలియదు.

కారు బీమా ఈ విషయంలో అక్కరకు రాదు. సాధారణ సమగ్ర పాలసీలు ప్రమాదాలను భరిస్తాయి, యాంత్రిక వైఫల్యాన్నీ అరుగుదలనూ మినహాయిస్తాయి. తెగిన బెల్టు వల్ల వంగిన వాల్వుల ఖర్చు యజమానిదే. అందువల్ల బేరం దగ్గరే ఈ లెక్క తేల్చుకోవాలి. బెల్టు, పంపు మార్చిన బిల్లు లేని కారుకు, ఆ మోడల్ కిట్ ధరనూ కూలినీ కలిపి విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ముందుగా కనుక్కుని, ఆ మొత్తాన్ని అడిగిన ధరలోంచి తగ్గించమనడం న్యాయమైన కోరిక. దానికి ఒప్పుకోని అమ్మకందారు బిల్లు చూపించాలి. కొన్నాక చేయించే పనికి తీసుకునే బిల్లులో తేదీ, మీటరు అంకె, కిట్ పార్టు నంబరు, పంపు మార్చారా లేదా, ఏ కూలెంట్ పోశారు అన్నవి విడివిడిగా రాయించుకోవాలి. ఆ తేదీనీ అంకెనూ ఒక చిన్న స్టిక్కరు మీద రాసి బానెట్ లోపల, బెల్టు మూత దగ్గర అంటించమని మెకానిక్‌ను అడగాలి.